బడి ఆవరణలో చిన్న అడవి: నాటడం నుంచి నీళ్లు మానేసేదాకా

"బడి వెనకాల కాస్త ఖాళీ స్థలం ఉంది. చిన్న అడవిలా పెంచాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న ఏటా వానలకు ముందు వస్తూనే ఉంటుంది. ఆరేడు నెలలు గడిచాక వాళ్లే మళ్లీ అడుగుతారు: "సగం మొక్కలు ఎండిపోయాయి, ఇప్పుడేం చేయాలి?" ఆ రెండో ప్రశ్న అడగాల్సిన అవసరం మీకు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

నాటడం ఒక్కరోజు పని. ఆ రోజు అందరూ వస్తారు, ఫొటోలు దిగుతారు, ఉత్సాహానికి లోటుండదు. మొక్కలు చచ్చేదీ బతికేదీ తేలేది మాత్రం మొదటి పెద్ద సెలవుల్లో, బడి గేటుకు తాళం పడ్డాక. అందుకే ఇక్కడ నాటే రోజు గురించి తక్కువ చెప్పి, దానికి ముందు చేయాల్సినవీ తర్వాత చేయాల్సినవీ ఎక్కువ చెబుతాను.

చిన్న జాగాలో దట్టంగా అడవి పెంచే ఈ పద్ధతి గురించి నాలుగు ముక్కలు చాలు. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకి (1928–2021) దీనికి రూపమిచ్చారు. మనిషి చెయ్యి పడకముందు ఆ నేలలో ఏ చెట్లు పెరిగేవో తెలుసుకుని, ఆ రకాలనే కలగలిపి, చదరపు మీటరుకు మూడు నాలుగు చొప్పున నాటడమే దీని సారం. జపాన్‌లో ఆలయాల చుట్టూ నరకకుండా వదిలేసిన పాత తోపులే ఆయనకు ఆధారం. దగ్గర దగ్గరగా ఉన్న మొక్కలు వెలుతురు కోసం పోటీపడి పైకి సాగుతాయి, నేలను తొందరగా నీడతో కప్పేస్తాయి. నెదర్లాండ్స్‌లో 2015లో జాండామ్ పట్టణంలో మొదలైన 'టైనీ ఫారెస్ట్'లు టెన్నిస్ కోర్టంత స్థలంలో వచ్చినవే. కాబట్టి స్థలం తక్కువని వెనకాడకండి. అయితే "పదేళ్లలో వందేళ్ల అడవి" అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. పదేళ్లలో వచ్చేది పదేళ్ల అడవే. అది కూడా తక్కువేం కాదు.

మొదలుపెట్టే ముందు మూడు విషయాలు చూసుకోండి. మూడేళ్లపాటు అందే నీళ్లు, పశువులు దూరలేని కంచె, సెలవుల్లో కూడా వచ్చే మనుషులు. వీటిలో ఒక్కటి లేకపోయినా ఈ ఏడాదికి ఆగండి. ఏడాది ఆలస్యమైతే పోయేదేమీ లేదు. చచ్చిపోయిన తోట పక్కన మళ్లీ నాటుదామంటే మాత్రం ఎవరూ ముందుకు రారు.

కావాల్సినవి (100 చదరపు మీటర్లకు లెక్క)

- స్థలం: 10 × 10 మీటర్లు గానీ, గోడ వెంట 20 × 5 మీటర్లు గానీ. వెడల్పు 4 మీటర్లకు తగ్గకూడదు. తగ్గితే అన్ని వైపుల నుంచీ ఎండా గాలీ దూరి లోపలి తేమ ఆరిపోతుంది.
- మొక్కలు: 300. చచ్చినవాటి స్థానంలో పెట్టడానికి ఇంకో 30.
- బాగా చివికిన ఎరువు: నేలంతా 5 సెంటీమీటర్ల మందాన పరవాలంటే 5 ఘనపు మీటర్లు కావాలి.
- కప్పడానికి ఎండుగడ్డి, ఎండుటాకులు: 10 సెంటీమీటర్ల మందానికి 10 ఘనపు మీటర్లు. అణిగిపోతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే తెచ్చిపెట్టుకోండి.
- నీళ్లు: మొదట్లో వాన లేని రోజున 500 లీటర్ల వరకూ.
- గడ్డపారలు, పారలు, తట్టలు, పురికొస, కొలిచే టేపు, ఊతకర్రలు, జనపనార తాడు.
- ఒక లాంగ్ నోట్‌బుక్. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, చివర్లో దీని పనే ఎక్కువ.

1. స్థలం ఖాయం చేసుకోండి

యాజమాన్యం నుంచి అనుమతి కాగితం మీద తీసుకోండి. ప్రధానోపాధ్యాయులు బదిలీ అయినా, కమిటీ మారినా ఆ కాగితం ఉంటుంది. "ఇక్కడ కొత్త గదులు కడతారా?" అని ముందే అడగండి. మూడేళ్లు పెంచిన చెట్ల మీదికి పునాదుల కోసం జేసీబీ వస్తే ఆ పిల్లలకు ఏం చెబుతారు?

స్థలానికి రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. భవనం గోడకు 5 మీటర్ల దూరం వదలండి. కింద నీటి పైపులు, కరెంటు కేబుళ్లు, సెప్టిక్ ట్యాంకు ఉన్నాయేమో ఆ బడిలో ఎప్పటి నుంచో పనిచేస్తున్నవాళ్లను అడగండి. ప్లానులో లేనివి కూడా వాళ్లకు తెలుస్తాయి. తలెత్తి పైన తీగలూ చూడండి. పిల్లలు ఆడుకునే చోటును మాత్రం తీసుకోవద్దు. ఆటస్థలం పోగొట్టిన అడవిని పిల్లలు ఇష్టపడరు, బంతి కోసం రోజూ తొక్కేస్తారు.

2. నీళ్ల పట్టిక ముందు, మొక్కలు తర్వాత

చాలామంది మొక్కల జాబితాతో మొదలుపెడతారు. మీరు క్యాలెండరుతో మొదలుపెట్టండి. వచ్చే పన్నెండు నెలల్లో బడి మూసి ఉండే రోజులన్నీ గుర్తు పెట్టండి. ఒక్కో వారానికి ఇద్దరి పేర్లు రాయండి, ఒకరు రాలేకపోతే రెండోవారు రావాలి. దగ్గర్లో ఉండే తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు, వాచ్‌మన్, ఎవరైనా కావచ్చు. "అందరం చూసుకుంటాం" అన్నారంటే ఎవరూ చూసుకోరనే అర్థం.

మేం మొదటిసారి నాటినచోట ఏం జరిగిందో చెబుతాను. సెలవులయ్యాక వెళ్లి చూస్తే ట్యాంకు నిండా నీళ్లున్నాయి, మొక్కలు మాత్రం పుల్లల్లా ఎండిపోయి ఉన్నాయి. నీళ్లు పట్టాల్సిన మనిషి రెండు రోజులు వచ్చి వెళ్లాడట. పైపును స్టోర్‌రూమ్‌లో పెట్టి తాళం వేశారు, తాళంచెవేమో ఊరెళ్లినవాళ్ల దగ్గర ఉంది. అప్పటి నుంచి నేను ఎవరికి చెప్పినా మొదట చెప్పేది ఇదే: గేటుకీ స్టోర్‌రూమ్‌కీ రెండో తాళంచెవి చేయించి, నీళ్లు పట్టేవాళ్ల చేతిలో పెట్టండి.

పైపు స్థలంలో చివరి మూల దాకా అందుతుందో లేదో కూడా ఇప్పుడే లాగి చూసుకోండి.

3. నేల సంగతి తెలుసుకోండి

రెండు పరీక్షలు చాలు, రెండూ పిల్లలతోనే చేయించవచ్చు.

సీసా పరీక్ష: పారదర్శకమైన సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, గట్టిగా కుదిపి కదపకుండా పెట్టండి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. దాని మీద ఒండ్రు కొన్ని గంటల్లో పేరుకుంటుంది. బంకమట్టి పైపొరగా దిగడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఏ పొర మందంగా ఉందో స్కేలుతో కొలవండి.

గుంత పరీక్ష: 30 సెంటీమీటర్ల లోతు గుంత తీసి నీళ్లు నింపండి. ఇంకిపోయాక రెండోసారి నింపి, గంటలో ఎంత దిగిందో కొలవండి. 2 సెంటీమీటర్లు కూడా దిగకపోతే అక్కడ నీరు నిలుస్తుందని అర్థం. అలాంటి చోట మట్టిని అడుగు ఎత్తున గట్లలా పోసి వాటి మీద నాటాలి. చూస్తుండగానే నీరు మాయమైతే అది ఇసుక నేల. ఎరువు ఎక్కువ కలపాలి, నీళ్లు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి.

తవ్వుతుంటే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, ప్లాస్టిక్ బయటపడతాయి. బడి ఆవరణల్లో ఇది మామూలే, కట్టినప్పటి చెత్తంతా వెనకాలే పూడ్చి ఉంటారు. ఏరి పారేయాల్సిందే, దీనికి దగ్గరిదారి లేదు.

4. మొక్కల ఎంపిక

అసలు కష్టమంతా ఇక్కడే. నర్సరీకి వెళ్లి "ఏవి తొందరగా పెరుగుతాయి?" అని అడగొద్దు. దగ్గర్లో మిగిలి ఉన్న అడవికో, గుట్టకో, వాగు ఒడ్డుకో, పాత తోపుకో వెళ్లి అక్కడ తమంతట తాము మొలిచి పెరుగుతున్న చెట్లేమిటో రాసుకోండి. పశువులు కాసేవాళ్లను తోడు తీసుకెళ్లండి. ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో, దేని కాయలకు ఏ పిట్ట వస్తుందో వాళ్లు చెప్పినంత వివరంగా మరొకరు చెప్పలేరు. అడవి నుంచి మొక్కలు పీక్కురావడం మాత్రం వద్దు. విత్తనాలు కూడా అనుమతి తీసుకునే ఏరుకోండి.

'స్థానికం' అన్న మాట దగ్గర చాలామంది పొరబడతారు. ఎప్పటి నుంచో చూస్తున్నాం కాబట్టి ఇక్కడిదే అనుకుంటాం. నీలగిరి ఆస్ట్రేలియాలో స్థానికం. తురాయి మడగాస్కర్‌ది. సుబాబుల్, సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. అడవుల్లో తనంతట తాను కాసే సీతాఫలం కూడా అటు నుంచి వచ్చిందే. తమ సొంత నేలలో ఇవన్నీ మంచి చెట్లే. బయటి నేలలో సుబాబుల్, సర్కారు తుమ్మ లాంటివి పక్కన దేన్నీ ఎదగనివ్వవు. కాబట్టి ప్రతి రకం పక్కనా "దీని పుట్టిల్లు ఎక్కడ?" అని ఒక గడి పెట్టి నింపించండి. పిల్లలకు ఇది మంచి హోంవర్క్.

అడవి అంటే ఒకే ఎత్తు చెట్లు కాదు కదా. 300 మొక్కలను సుమారుగా ఇలా పంచుకోండి:

- అన్నిటికన్నా పైకెళ్లే పెద్ద చెట్లు: 50
- వాటి కింద మధ్యస్థం చెట్లు: 130
- చిన్న చెట్లు: 85
- పొదలు: 35

వేడి, పొడి వాతావరణంలో ఆకురాల్చే అడవులున్న భారతీయ ప్రాంతాలకు ఉదాహరణ చెప్పాలంటే నల్లమద్ది, ఇప్ప పైవరుసలోకి వస్తాయి. మోదుగ, రేల మధ్యలోకి, ఉసిరి చిన్న చెట్లలోకి, తంగేడు, వావిలి పొదల్లోకి. ఇది ఉదాహరణ మాత్రమే, యథాతథంగా దింపేయకండి. మీ జాబితా మీ గుట్ట మీదే ఉంది.

మొత్తం 20 రకాలకు తగ్గకుండా చూడండి. ఏ ఒక్క రకమూ 15 శాతం దాటకూడదు. ఒక పురుగో తెగులో వస్తే ఒక రకం దెబ్బతింటుంది, మిగతావి నిలబడతాయి.

బడి కాబట్టి ఇంకో జాగ్రత్త. గన్నేరు మొక్కంతా విషం. ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. ఇవి స్థానికమైనా కాకపోయినా బడిలో వద్దు. ముళ్ల మొక్కలు పెట్టాలనుకుంటే లోపలి వరుసల్లో పెట్టండి, అంచుల్లో వద్దు. మర్రి, రావి లాంటివి ఇంత చిన్న జాగాలో, గోడల దగ్గర నాటొద్దు. వాటిని పిట్టలు ఎలాగూ తెచ్చి పెడతాయి, అప్పుడు పీకడమే మీ పని.

డబ్బు లేకపోతే? విత్తనాల నుంచి మీరే పెంచుకోండి. ఒక ఏడాది ముందు మొదలుపెట్టాలి, అంతే. రేల, తంగేడు లాంటి గట్టి పెంకు గింజలను బాగా వేడి నీళ్లలో వేసి, ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి రాత్రంతా ఉంచితే తొందరగా మొలుస్తాయి. నన్నడిగితే కొన్న మొక్కలకన్నా ఇదే మంచిది. తాను మొలిపించిన మొక్కను ఏ పిల్లాడూ ఎండిపోనివ్వడు.

5. నేల తయారీ

ఆవరణల్లో నేల ఏళ్ల తరబడి తొక్కుడుపడి రాయిలా ఉంటుంది. 60 సెంటీమీటర్ల నుంచి మీటరు లోతు వరకు గుల్ల చేయాలి. పైన ఉన్న మొదటి జానెడు మట్టిని వేరే కుప్పగా పోయండి, అదే అసలు సారం. చివర్లో అది మళ్లీ పైనే పడాలి. కింది మట్టి పైకి, పైమట్టి కిందికి పోయేలా జేసీబీతో తిరగేయడం తరచూ జరిగే పొరపాటు. డ్రైవరుకు పని మొదలుపెట్టకముందే చెప్పండి, చివరిదాకా పక్కనే నిలబడండి.

కింద పైపులున్నాయన్న అనుమానం ఉంటే యంత్రం వద్దు, గడ్డపారతో అడుగున్నర తవ్వితే చాలు. మట్టి అప్పటికే గుల్లగా, వానపాములతో ఉంటే అసలు తవ్వనే వద్దు.

ఎరువును పై 30 సెంటీమీటర్ల మట్టిలో కలపండి. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు మాడిపోతాయి. ఎరువు చివికిందో లేదో తెలుసుకోవాలంటే తడిపిన ఎరువును గుప్పెడు తీసుకుని కవర్లో మూతి కట్టి మూడు రోజులు ఉంచండి. విప్పినప్పుడు వాన పడ్డ మట్టి వాసన వస్తే సరే. కుళ్లు వాసన గానీ ఘాటు గానీ వస్తే ఇంకా ఆగాలి. యూరియా లాంటివి వాడొద్దు.

ఎరువు దొరకలేదా? నాటడానికి ముందు జీలుగో జనుమో చల్లి, పూత దశలో, అంటే సుమారు 45–50 రోజులకు, మట్టిలో కలిపేయండి. రెండు మూడు వారాలు చివకనిచ్చి నాటండి.

తయారైన నేల మీద ఇక ఎవరూ నడవకూడదు. మధ్యలో పలకలు పరిచి వాటి మీదే తిరగండి.

6. మొక్కలు చూసి తీసుకోండి

60–80 సెంటీమీటర్ల ఎత్తు మొక్కలు చాలు. ఆరడుగుల మొక్కలు చూడటానికి బాగుంటాయి, నాటాక కుదురుకోవడానికి చాలాకాలం తీసుకుంటాయి. ఈలోగా చిన్నవి వాటిని దాటిపోతాయి. కొనే ముందు నర్సరీవాళ్లను అడిగి ఒకటి రెండు కవర్లు చింపి చూడండి. వేళ్లు కవరు అడుగున చుట్టలు చుట్టుకుని తాడులా ఉంటే ఆ లాట్ వదిలేయండి. అలాంటి మొక్క రెండేళ్లు బాగానే కనిపించి, తర్వాత తన వేరే తనకు ఉరై చచ్చిపోతుంది.

తెచ్చాక వారం పది రోజులు బడిలోనే పాక్షిక నీడలో ఉంచి నీళ్లు పెట్టండి. రకాన్ని బట్టి విడదీసి, ప్రతి రకానికీ పేరు రాసి పెట్టండి. నాటే రోజున మూడు వందల మొక్కల మధ్య నిలబడి ఇది ఉసిరా కాదా అని తేల్చుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

7. నాటే రోజు

మంచి వాన ఒకటి రెండు పడ్డాక, ఇంకా వానలు మిగిలి ఉండగా నాటండి. గడ్డకట్టే చలి ఉండే ప్రాంతాల్లోనైతే ఆకు రాలాక, కొత్త చిగురు రాకముందు నాటాలి. ఉదయం గానీ సాయంత్రం గానీ మొదలుపెట్టండి.

1. పురికొసతో 1 × 1 మీటరు గళ్లు గీయండి. ఒక్కో గడికి మూడు మొక్కలు, మధ్యలో సుమారు 60 సెంటీమీటర్ల ఎడంతో త్రికోణంలా.
2. నాటకముందే మొక్కలన్నిటినీ గళ్లలో పెట్టి చూడండి. ఒకే రకం రెండు పక్కపక్కన పడకూడదు. పెద్ద చెట్లు రెండు ఆనుకుని ఉండకూడదు. వరుసలు తిన్నగా రానక్కర్లేదు. వంకరగా ఉందని సర్దబోయే పెద్దాయన ఒకరు ఎప్పుడూ ఉంటారు, ఆయనకు కుర్చీ వేసి కూర్చోబెట్టండి.
3. కవరుతో సహా మొక్కను బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగాక తీయండి. వేరుగడ్డ వదులుగా ఉండి విడిపోయేలా ఉంటే ముంచకండి, పైనుంచి తడపండి.
4. వేరుగడ్డ కన్నా కాస్త పెద్ద గుంత తీయండి. కవరును బ్లేడుతో పొడవునా కోసి పూర్తిగా తీసేయండి. కత్తిరించే పని పెద్దలే చేయాలి.
5. కాండం మట్టిలో కలిసే చోటు నేలకు సమంగా ఉండాలి. లోతుగా పాతితే మొదలు కుళ్లుతుంది, పైకి ఉంటే వేళ్లు ఎండుతాయి.
6. మట్టి కప్పి చేతులతో అదమండి, కాళ్లతో తొక్కొద్దు. గుల్ల చేసిన నేలను మళ్లీ రాయి చేయకండి.

సరిగ్గా నాటామా లేదా? ఆకు కొనను పట్టుకుని మెల్లగా లాగండి. మొక్క కదలకూడదు. ఇంకో లెక్క: రోజు చివర్లో ఖాళీ కవర్లు లెక్కపెట్టండి. 300 మొక్కలు నాటితే 300 కవర్లు ఉండాలి. తక్కువ వచ్చాయంటే కొన్ని మొక్కలు కవర్లతోనే భూమిలోకి వెళ్లాయి. వెతికి తీయాల్సిందే. నేనెరిగిన దాదాపు ప్రతిచోటా ఇలాంటివి మూడో నాలుగో దొరికాయి.

8. కప్పడం, ఊతం ఇవ్వడం, కంచె

అదే రోజు ఎండుగడ్డి పరిచేయండి. రేపు చూద్దాంలే అనుకుంటే రేపటికి పైమట్టి ఎండిపోతుంది. 10 సెంటీమీటర్ల మందం ఉండాలి, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలాలి. ఆనిస్తే మొదలు దగ్గర కుళ్లు, చెదలు పడతాయి. గడ్డి ఎగిరిపోకుండా పైన తాళ్లు అడ్డంగా కట్టండి. ఎండుగడ్డి అంటే నిప్పుకు మేత, ఆ చుట్టుపక్కల చెత్త కాల్చడం పూర్తిగా ఆపించండి.

ఊతకర్రకు మొక్కను జనపనార తాడుతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. ప్లాస్టిక్ తాడు కాండంలోకి కోసుకుపోతుంది. ఏడాదికి కర్రలు తీసేయండి.

కంచె నాటే రోజుకే పూర్తయి ఉండాలి. మేకలకు ఒక ఆదివారం చాలు. కంచె బయట ఒక మీటరు బాట శుభ్రంగా ఉంచండి. "పాములు వస్తాయేమో" అని తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. వచ్చే అవకాశం లేదని చెప్పకండి. బాట శుభ్రంగా ఉంటుందనీ, మిగిలిన అన్నం అక్కడ పారేయనివ్వం కాబట్టి ఎలుకలు చేరవనీ, పెద్దవాళ్లు లేకుండా పిల్లలు లోపలికి వెళ్లరనీ చెప్పండి, చెప్పినట్టు చేయండి.

9. మొదటి మూడేళ్లు

చదరపు మీటరుకు ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వానతో సమానం. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. మొదటి రెండు మూడు నెలలు వాన లేని రోజున చదరపు మీటరుకు 5 లీటర్లు, అంటే 5 మిల్లీమీటర్లు. తిన్నటి గోడలున్న ఒక డబ్బాను ఆరుబయట పెట్టి పిల్లలతో స్కేలు పెట్టి కొలిపించండి. 5 మిల్లీమీటర్ల వాన పడితే ఆ రోజు పైపు ముట్టుకోనక్కర్లేదు.

అనుమానం వస్తే గడ్డి తొలగించి వేలు సగం దాకా గుచ్చండి. తడి తగిలితే నీళ్లు వద్దు. ఎక్కువ నీళ్లతో చచ్చే మొక్కలు కూడా ఉంటాయి. ఆకులు పసుపుపచ్చగా మారి వాలితే దాహమనుకుని ఇంకా పోస్తాం, లోపల వేళ్లు కుళ్లుతుంటాయి.

కలుపును నెలకోసారి తీసి, గింజ పట్టకముందే అక్కడే పడుకోబెట్టండి, అదే కప్పుగా పనికొస్తుంది. కొమ్మలు కత్తిరించవద్దు. ఆకుల్ని పురుగులు తింటుంటే మందు కొట్టొద్దు. గొంగళి పురుగులు వచ్చాయంటే పిట్టలకు కబురు వెళ్లినట్టే.

శుభ్రం చేసేవాళ్లకు ఒకటికి రెండుసార్లు చెప్పాల్సిన మాట ఒకటుంది: లోపల ఊడవొద్దు. బడి అంటే ఊడ్చి ఉండాలని అందరికీ అలవాటు. తనిఖీకి ఎవరో వస్తున్నారని తెలిస్తే మొదట ఊడ్చేది ఆ ఆకులనే. చిన్న బోర్డు పెట్టండి: "ఈ ఆకులు చెత్త కాదు."

10. బతికాయా? లెక్క చూడండి

నెలకోసారి, అదే తేదీన, నోట్‌బుక్ తెరవండి. బతికినవి ఎన్ని, రకాల వారీగా ఎత్తు ఎంత (ప్రతి రకంలో ఐదింటికి గుర్తు కట్టి వాటినే కొలవండి), ఒకే చోట నిలబడి తీసిన ఒక ఫొటో. ఇంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే మూడో నెలకు మానేస్తారు.

ఆకులు రాలినంత మాత్రాన చచ్చినట్టు కాదు. గోటితో బెరడును కాస్త గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందకు గీకి చూడండి. మొదలు దగ్గర పచ్చదనం ఉన్నా మళ్లీ చిగురు వేయొచ్చు.

మొదటి ఏడాది చివర 300లో 260 పైన ఉంటే బాగా చేసినట్టే. 210 కన్నా తగ్గితే మళ్లీ నాటే ముందు కారణం వెతకండి. చచ్చినవన్నీ ఒకే రకమైతే ఎంపికలో తప్పుంది. ఒకే మూలన చచ్చాయంటే అక్కడ నీరు నిలుస్తోంది, లేదా పైపు అందట్లేదు. అంతటా చెదురుమదురుగా పోతే నర్సరీ వేళ్లను గానీ నాటిన లోతును గానీ అనుమానించండి. చచ్చినదాన్ని పీకి వేళ్లు చూస్తే చాలావరకు జవాబు దొరుకుతుంది.

మూడో ఏడు దాటాక చచ్చేవాటి సంగతి వేరు. పెద్దవాటి నీడలో బలహీనమైనవి తప్పుకుంటాయి. ఇంత దగ్గరగా నాటినప్పుడు అది జరగాల్సిందే, వాటి స్థానంలో మళ్లీ నాటకండి. పడిపోయిన కొమ్మల్ని కూడా అక్కడే ఉంచండి.

పిల్లలకు నచ్చే పరీక్ష ఇంకొకటి. రెండు వైపులా మూత తీసేసిన డబ్బాను మట్టిలోకి రెండంగుళాలు దించి, పైనుంచి ఒక లీటరు పోసి ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. అడవి లోపల ఒకసారి, ఆటస్థలంలో ఒకసారి, ఏటా అదే నెలలో చేయండి. మట్టి ఎంత గుల్లబారిందో ఆ రెండు అంకెల తేడా చెబుతుంది.

ఇక నీళ్లు మానేయడం ఎప్పుడు? రెండో ఏడు వేసవిలో వారానికి రెండు మూడుసార్లకు తగ్గించండి, పోసినప్పుడు మాత్రం లోతుగా దిగేలా పోయండి. మూడో వేసవిలో ఒక మూలకు పది రోజులు పూర్తిగా ఆపి చూడండి. మధ్యాహ్నం ఆకులు వాలినా తెల్లవారేసరికి నిటారుగా ఉంటే వేళ్లు లోతుకు వెళ్లాయన్నమాట, మిగతా చోట్లా ఆపొచ్చు. పొద్దున్నే చూసినా వాలే ఉంటే ఆ వేసవికి కొనసాగించి, మళ్లీ ఏడాది ఇదే పరీక్ష చేయండి.